నేను వరుస మార్చిన క్రిస్మసు పోటీ

నేను రిటైరయ్యానంటే మా వీధిలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఇరవై ఎనిమిదేళ్లకి రిటైరు కావడమేంటని వాళ్ల గోల. ఐదేళ్లు ఉద్యోగం చేశాను, పెళ్లయింది, మాచర్ల వదిలి నరసరావుపేట వచ్చాను, మానేశాను. మానేసిన వాళ్లని ఏమంటారో నాకు తెలీదు కాబట్టి రిటైరయ్యాననే చెప్పుకుంటాను. చదువు కూడా పెద్దగా లేదు. ముప్పాళ్ళలో పుట్టాను, ఎనిమిదో తరగతి పాసయ్యాను, ఆపైన టీచరు ట్రైనింగు. అంతే.

మా పిన్ని కూతురు ఈ ఏడు అదే ట్రైనింగులో చేరింది. "అక్కా, నీ సర్వీసులో జరిగిందేదన్నా రాసియ్యవే, మా జట్టు పిల్లలందరం చదువుకుంటాం" అంది. మంచి గొప్పలు రాద్దామనే కూర్చున్నాను. ఇనస్పెక్టరుగారు నా మూడో తరగతిని మెచ్చుకున్న రోజు ఉంది, వాననీళ్లలో రిజిస్టర్లు నెత్తిన పెట్టుకుని తెచ్చిన రోజు ఉంది. అవేవీ కలం కిందికి రావడం లేదు. ఒక్క రోజే వస్తోంది. సరే, అదే రాస్తాను.

మాది మిషను వాళ్ల ఆడపిల్లల బడి. పక్కనే హాస్టలు. గోడలూ నాపరాళ్లే, నేలా నాపరాళ్లే. తరగతికీ తరగతికీ మధ్య మాత్రం తడికలు. రైలు మాచర్లతో ఆగిపోతుంది కాబట్టి అక్కణ్ణుంచి కృష్ణ మీది డ్యాముకి పోయే సరుకంతా లారీల మీదే. అప్పటికి డ్యాము ఇంకా లేస్తూనే ఉంది. రోజంతా సిమెంటు లారీలు మా ముందునుంచే పోయేవి. సాయంత్రానికి పిల్లల జడలు తెల్లగా అయ్యేవి.

బళ్లో అందరికన్నా పెద్దావిడని పెద్ద టీచరమ్మ అనేవాళ్లం. పెళ్లి చేసుకోలేదు. తెల్లచీర, చేతిలో గొడుగు, గొంతు మాత్రం ఎంత మెల్లగా ఉండేదంటే ఆవిడ తిట్టినా పక్కవాళ్లకి తెలిసేది కాదు. ఆవిడకి పూర్తిగా ఎదురు మా కుట్టు టీచరమ్మ. ఊళ్లో దర్జీ కుటుంబం, సాయిబుల ఇల్లు. నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడ మిషను తొక్కుతూ మాట్లాడితే మిషను చప్పుడు వినపడేది కాదు.

క్రిస్మసు సెలవులకి బడి మూసే ముందురోజు మా దగ్గర జనరల్ నాలెడ్జి పోటీ పెట్టేవాళ్లు. ముప్పై ప్రశ్నలు. సగం బైబిలువి, సగం లోకానివి. యేసు పుట్టిన ఊరేది, ప్రపంచంలో ఎత్తయిన కొండేది, క్రిస్మసు ఎండాకాలంలో వచ్చే దేశమేది, ఇట్లాంటివి. పాస్టరుగారు, సంఘపెద్దలు, పిల్లల అమ్మానాన్నలు అందరూ వచ్చి కూర్చునేవాళ్లు. ఆరుగురు పిల్లలు వరసగా నిలబడతారు. ఒక్కొక్కళ్లకి వంతు ప్రకారం ఒక ప్రశ్న. అట్లా ఐదు చుట్లు. ఎక్కువ జవాబులు చెప్పిన పిల్లకి ఏడాదంతా హాస్టల్లో ఉచిత సీటు. అట్లాంటి సీటు మాకు ఉన్నది ఒక్కటే.

ఇక్కడే మీకొక సంగతి చెప్పాలి. ఆ ముప్పై ప్రశ్నలూ ఒక నల్లట్ట నోట్సులో ఉండేవి. నాకు ముందు ఎవరు రాశారో తెలీదు. ప్రతి ఏడూ అవే ప్రశ్నలు, అదే వరుస. మొదటిది బేత్లెహేమే, చివరిది యమునా నదే. నవంబరు మొదలవగానే పెద్ద టీచరమ్మ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లని కూర్చోబెట్టి రోజూ మధ్యాహ్నం వల్లె వేయించేది. ఆవిడ ఒక ప్రశ్న అడగడం, వీళ్లంతా గొంతు కలిపి జవాబు అరవడం. ఇందులో వింతేముందని ఎవ్వరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఎక్కాలు అట్లానే నేర్చుకున్నాం, వాక్యాలు అట్లానే నేర్చుకున్నాం.

ఆ ఏడు జూన్‌లో నా మూడో తరగతిలోకి ఒక పిల్ల వచ్చింది. పదకొండేళ్లు. ఎనిమిదేళ్ల పిల్లల మధ్య కొంగలాగా కూర్చునేది. తల్లి డ్యాము దగ్గర రాళ్లు మోసే కూలీ, తండ్రి లేడు. మా సంఘం తరపున కూలీల గుడిసెలకి వెళ్లి బైబిలు చెప్పే ఒకావిడ ఈ పిల్లని చూసి, పట్టుకొచ్చి మాకు అప్పజెప్పింది. పెద్ద టీచరమ్మ వెంటనే సరే అనలేదు.

"క్రిస్మసు దాకా ఉంచుదాం. పోటీలో నెగ్గితే సీటు ఉంటది. లేకపోతే తల్లి కాడికి పంపాలి. ఊరికే పెట్టుకోడానికి నా దగ్గర ఏముంది?" అంది తల్లి ముందే. తల్లి తలూపింది.

అంటే ఆ పిల్లకి ఆర్నెల్లు గడువు. నెగ్గితే పలక, లేకపోతే నెత్తిన రాయి. అదీ లెక్క.

ఆ పిల్ల మాట్లాడేది తక్కువ. కృష్ణకి అవతలి మాట. "ఎర్కలే" అనేది, "గట్లనే" అనేది, మా పిల్లలు నవ్వేవాళ్లు. కానీ చేతిపని చేసేటప్పుడు పెదాలు కదిలేవి. నవంబరు నెలాఖర్లో ఒకరోజు కుట్టు క్లాసులో గుండీలు కుడుతోంది. నేను వెనకనుంచి వెళ్లి చెవి పెట్టాను.

"బేత్లెహేము. ఎవరెస్టు. పన్నెండుమంది. పంజాబు. గొర్రెలకాపర్లు. మహాబలేశ్వరం..."

నేను అక్కడే నిలబడిపోయాను. ముప్పై జవాబులు! ఒక్కటి తప్పలేదు, ఒక్క చోట ఆగలేదు. ఏడో తరగతి వాళ్లే ఇరవై దాటితే నీళ్లు నమిలేవాళ్లు.

"ఏమే, ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరు నేర్పలే టీచరమ్మా. వింటుంటె వచ్చినయ్."

"అత్తా, విన్నావా? మూడో తరగతి పిల్ల! మూడో తరగతి!"

కుట్టు టీచరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "విన్నాలే. నా గుండీలు మాత్రం వంకరగా కుట్టింది" అంది.

నాకు ఆ రోజు అన్నం సయించలేదు, సంతోషంతో. ఎవరు కనిపిస్తే వాళ్లకి చెప్పాను. పాలవాడికి కూడా చెప్పాను. అంత చెప్పిన దాన్ని, ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటి, అడిగి చూడలేదు. చెల్లెళ్లూ, ఈ ముక్క ఇంకోసారి చదువుకోండి.

పోటీకి ఆరుగురిని ఎంచారు. నా పిల్లని చేర్చమని పెద్ద టీచరమ్మ వెంటబడ్డాను. చేర్చింది. మిగతా అయిదుగురిలో ఒకమ్మాయి మా సంఘపెద్ద కూతురు. ఏడు గదుల ఇల్లు వాళ్లది, సీటుతో పనేం లేదు, కానీ అంతకుముందు రెండేళ్లూ తనే నెగ్గింది. ఆ పిల్ల బావి దగ్గర చెంబు వాయించుకుంటూ ముప్పై జవాబులూ పాటలాగా పాడేది. ఒక్క గుక్కలో. నాకు ఒళ్లు మండింది. ఇదేం తెలివి? దీనికేం తెలుసు? వరుస మారిస్తే ఆ పాట ఎక్కడికి పోతుంది?

అదిగో, అట్లా పుట్టింది ఆలోచన.

పోటీకి రెండు రోజుల ముందు పెద్ద టీచరమ్మకి జలుబు చేసి ఉన్న గొంతు కూడా పోయింది. "ఈసారి ప్రశ్నలు నువ్వడుగు. నేను కాయితం చూసి మార్కులేసుకుంటా" అంది. నేను ఎగిరి గంతేశాను. నోట్సు తీసుకుని మధ్యాహ్నం అన్నాలప్పుడు కూర్చుని ముప్పై ప్రశ్నలూ తారుమారు చేసి రాశాను. అవే ప్రశ్నలు, వరుస మాత్రం వేరు. వంతులు కూడా చూసుకున్నాను, ఎవరికీ కష్టమైనవన్నీ ఒక్కచోట రాకుండా. నిజంగా తెలిసిన పిల్ల నెగ్గుతుంది, పాట నేర్చిన పిల్ల ఓడుతుంది. నా పిల్లకి సీటు వస్తుంది. ఆ కాయితానికి ఇంకో కాపీ రాసి పెద్ద టీచరమ్మకి ఇచ్చాను. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ మడిచి గొడుగులో పెట్టుకుంది. చూడలేదు.

పోటీ రోజు హాలంతా రంగు కాయితాలు. నా పిల్లకి నేనే తల దువ్వి, నా రిబ్బను కట్టాను. తల్లి కూడా వచ్చింది, పొద్దున్నే లారీ ఎక్కి. మోచేతుల దాకా సున్నం, సిమెంటు. వెనక గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది, ముందుకి రమ్మంటే రాలేదు.

ఆరుగురు వరసగా నిలబడ్డారు. నా పిల్ల పొడుగు కదా, చివర ఆరోది.

నేను గొంతు సవరించుకున్నాను. "మొదటి ప్రశ్న. ఐదు నదుల పేరు మీద—"

"బేత్లెహేము!" అంది మొదటి పిల్ల. నేను ప్రశ్న పూర్తి కూడా చేయలేదు.

వెనక ఎవరో మగాయన, "ఓసినీ, పంజాబుని తీసకపోయి పాలస్తీనాలో పెట్టింది" అన్నాడు. నవ్వులే నవ్వులు. పాస్టరుగారు నవ్వలేదు. పెద్ద టీచరమ్మ వంక చూశారు. పెద్ద టీచరమ్మ కాయితం విప్పి చూసింది, నా వంక చూసింది. ఆవిడ ముఖం ఎట్లా అయిందో నేను చెప్పలేను. కోపం కాదు. ఇన్నేళ్లుగా కట్టిన గోడలో మట్టి లేదని తెలిసినట్టు.

"విని చెప్పండమ్మా. నిదానంగా విని చెప్పండి" అంది, ఉన్న గొంతంతా తెచ్చుకుని.

రెండో పిల్ల సంఘపెద్ద కూతురు. నీళ్లు నమిలింది, కళ్లు పైకి పెట్టి వెతుక్కుంది, చివరికి చెప్పింది. మూడో పిల్ల తప్పు. నాలుగో పిల్ల రైల్వే గ్యాంగుమాను కూతురు. నిమిషం సేపు ఆలోచించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సరైన జవాబు చెప్పింది. అయిదో పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

నాకు లోపల సంతోషం. చూశావా, నేనన్నట్టే అవుతోంది.

"ఆరో ప్రశ్న. క్రిస్మసు పండగ ఎండాకాలంలో వచ్చే దేశమేది?" ఆస్ట్రేలియా. నా పిల్లకి మంచినీళ్ల ప్రాయం.

ఆ పిల్ల నిటారుగా నిలబడింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది. గుమ్మం దగ్గరున్న తల్లికి కూడా వినపడేట్టు చెప్పింది.

"మహాబలేశ్వరం!"

నా చెవులు పనిచేయలేదనుకున్నాను. జనం పొట్టలు పట్టుకున్నారు. "ఆడ ఎండలు చానా ఎక్కువంట!" అని ఎవరో. ఆ పిల్ల ఎందుకు నవ్వుతున్నారో తెలీక నా వంక చూసింది. తను సరిగ్గానే చెప్పింది కదా అన్నట్టు.

భయపడి ఉంటుందిలే అనుకున్నాను. రెండో చుట్టు వచ్చింది. పన్నెండో ప్రశ్న. "యేసు ప్రభువుకి శిష్యులు ఎంతమంది?"

"ఆస్ట్రేలియా!"

అప్పుడు తెలిసింది. ఆ పిల్ల నా ప్రశ్న వినడం లేదు. లెక్కపెట్టుకుంటోంది. పాత నోట్సులో ఆరోది మహాబలేశ్వరం, పన్నెండోది ఆస్ట్రేలియా. ఆ పిల్లకి ఏ ప్రశ్నా తెలీదు. దాని దగ్గర ఉన్నవి జవాబులు మాత్రమే. ముప్పై జవాబులు, వరసగా, దండలో గుచ్చినట్టు. ఆ దండని నేనే తెంపాను.

పాత వరసలో అడిగి ఉంటే అయిదుకి అయిదూ చెప్పేది. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు, ముప్పై. సంఘపెద్ద కూతురికీ అయిదూ వచ్చినా, ఇల్లున్న పిల్లకి కాక సీటు దీనికే ఇచ్చేవాళ్లు.

మధ్యలో మిగతా పిల్లలకి ఏం అడిగానో, వాళ్లేం చెప్పారో నాకు గుర్తులేదు. మళ్లీ దాని వంతు వస్తోంది. పద్దెనిమిదో ప్రశ్న. నా కాయితంలో పద్దెనిమిదోది, కృష్ణానది ఎక్కడ పుట్టింది అని. జవాబు మహాబలేశ్వరం. ఆ పిల్ల ఇందాక చెప్పేసిన మాటే! కానీ ఇప్పుడు చెప్పదు. ఇప్పుడు పద్దెనిమిదోదే చెబుతుంది.

పాత నోట్సులో పద్దెనిమిదోది ఏంటో నాకు కంఠతా వచ్చు. చేయబోయేది తప్పని తెలిసే చేశాను. కాయితం కిందికి దించి, పాతది అడిగాను.

"తూర్పు దేశం నుంచి యేసుని చూడవచ్చిన జ్ఞానులు ఎంతమంది?"

"లెక్క చెప్పలేదు!"

హాలు మళ్లీ గొల్లుమంది. ముగ్గురు గదా, ప్రతి ఏడూ మన నాటకంలో ముగ్గురే గదా కిరీటాలు పెట్టుకునేది, ఈ పిల్ల టీచరమ్మనే ఎదిరిస్తందేంది, లెక్క చెప్పలేదంటదేంది అని. అప్పుడు పాస్టరుగారు చెయ్యెత్తారు.

"ఆగండి. పిల్ల చెప్పింది నిజం. కానుకలు మూడని ఉంది గానీ మనుషులు ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు. లెక్క చెప్పలేదు."

సద్దుమణిగింది. సంఘపెద్దే నోరు తెరిచాడు. అన్నేళ్లుగా ముగ్గురనుకున్న వాళ్లంతా ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. గుమ్మం దగ్గర తల్లి మొదటిసారి లేచి నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా రెండు చుట్లున్నాయి, ఇరవైనాలుగూ ముప్పయ్యీ కూడా పాతవే అడుగుతాను, మూడొస్తాయి అనుకున్నాను.

"పద్దెనిమిదోది ఇది కాదే."

పెద్ద టీచరమ్మ. కాయితం కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తోంది. గొంతు లేకపోయినా ఆ మాట అందరికీ వినపడింది.

"ఇది ఇరవై ఏడోది గదా. వేరే పిల్ల వంతు. దీనికెందుకడిగావు?"

నేనేం చెప్పాలి? అందరి కళ్లూ నా మీద. పెద్ద టీచరమ్మ కాయితం మీద గీత కొట్టింది. "ఈ ప్రశ్న లెక్కలోకి రాదు. కాయితంలో ఉన్నది అడుగు" అంది.

అడిగాను. కృష్ణానది పుట్టిన చోటు. ఆ పిల్ల ఈసారి నోరు తెరవలేదు. తన లెక్క తప్పిపోయింది కదా. పంతొమ్మిదోది చెప్పాలో, పద్దెనిమిదోదే మళ్లీ చెప్పాలో తెలీక వేళ్లు ముడుచుకుంటూ తెరుస్తూ నిలబడింది. తర్వాత రెండు చుట్లూ అంతే.

గ్యాంగుమాను కూతురు నెగ్గింది. ఎవ్వరూ లెక్కలో పెట్టుకోని పిల్ల. ప్రతి ప్రశ్నా విని, ఆలోచించి, అయిదుకి నాలుగు చెప్పింది. వాళ్లింట్లో ఆరుగురు సంతానం. సీటు వచ్చిందంటే వాళ్లమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నేను ఆ పిల్లని తిట్టుకోడానికి కూడా లేకుండా పోయింది.

హాలు ఖాళీ అయ్యాక పెద్ద టీచరమ్మ దగ్గరికెళ్లి అంతా చెప్పేశాను. వరుస ఎందుకు మార్చానో, పాతది ఎందుకడిగానో.

"ఇంకొక్కసారి పెట్టండమ్మా. పాత వరసలో."

"పెట్టి? ఆ గ్యాంగుమాను పిల్లకి ఇచ్చింది లాక్కోమంటావా?"

ఆవిడ తన కాయితం మడిచి గొడుగులో పెట్టుకుంది.

"నువ్వు మార్చినందుకు నాకు కోపం లేదే. నువ్వు మార్చకపోతే నాకీ సంగతి చచ్చేదాకా తెలిసేది కాదు. ఎంతమందికిచ్చానో ఆ సీటు. ఎవరికి ఏం తెలుసని ఇచ్చాను?" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

కుట్టు టీచరమ్మ కాయితాల తోరణాలు విప్పుతోంది. "నీకు ఆ పిల్ల మీద ప్రేమ ఎక్కువైందే. కొంచెం అనుమానం కూడా ఉండాల్సింది" అంది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగా అదే వినడం.

పిల్ల తరగతి గదిలో తడిక పక్కన కూర్చుని ఉంది. ఎప్పుడూ కూర్చునే చోటే.

"ప్రశ్నలు నేర్చుకోలేదేందే అమ్మా?" అన్నాను.

"వినపడలే టీచరమ్మా. పెద్ద టీచరమ్మ మెల్లగ అడుగుతది. అక్కలు గట్టిగ అంటరు. అక్కలు అన్నయి నేర్చుకున్న." "గవే చదువనుకున్న" అంది.

ఆ తడిక అవతలే వల్లె వేయించేవాళ్లు. ఇవతల నేను నెల పైగా అదే చప్పుడు విన్నాను. నాకు ప్రశ్నలు ముందే వచ్చు కాబట్టి, అవి వినపడటం లేదని నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున సిమెంటు లారీ దగ్గరికి నేను కూడా వెళ్లాను. తల్లి మూట పైకి విసిరింది. నన్ను ఒక్క మాట అనలేదు. "బాగ చూస్కున్నవమ్మా" అంది పైగా. ఆ మాటకన్నా చెంప మీద కొడితే బాగుండేది. డ్రైవరు టీ తాగుతున్నాడు. పిల్ల నా కొంగు పట్టుకుంది.

"టీచరమ్మా, జవాబులు నా తాన ఉన్నయ్. ప్రశ్నలు చెప్పు."

రోడ్డు పక్కనే కూర్చున్నాం. ఒకటో ప్రశ్న చెప్పాను. "ఓ, బేత్లెహేమంటే ఊరా!" అంది. మూడోది చెప్తే, "పన్నెండుమంది అంటే ఈళ్లా!" అంది. ఒక్కోదానికి దాని కళ్లు పెద్దవవుతున్నాయి. ఆరోది చెప్పగానే లేచి నిలబడింది.

"కృష్ణనా? మా డ్యాం కాడి కృష్ణనా? గది మహాబలేశ్వరంల పుట్టిందా? అవ్వా, విన్నవా!"

తల్లి లారీ మీదనుంచి "ఆఁ, ఆఁ" అంది. పద్దెనిమిది అయ్యేసరికి డ్రైవరు హారను కొట్టాడు. "మిగిలినయ్ కార్డు మీద రాయి టీచరమ్మా, నాకు చదువొస్తది" అంది పైనుంచి. తల్లి ఒక టీ బంకు గుర్తు చెప్పింది, డ్యాము దగ్గర విజయపురి సౌత్‌లో బస్సులాగే చోట, అక్కడికి రాస్తే మేస్త్రీ తెచ్చిస్తాడని.

సెలవుల్లో రాశాను. పన్నెండు ప్రశ్నలు, చిన్న చిన్న అక్షరాలతో, ఒక్క కార్డులో కుక్కి. బడి తెరిచాక రెండో వారంలో జవాబొచ్చింది. పలక మీద రాసినంత పెద్ద అక్షరాలు, గీతలు పైకీ కిందికీ. పంతొమ్మిది నుంచి ముప్పై దాకా అంకెలు వేసి, ఎదురుగా జవాబులు. ఒక్కటి తప్పులేదు. కింద మిగిలిన కాస్త చోటులో ఇంకో ముక్క రాసింది.

అన్నీ చెప్పిన. ఇప్పుడు సీటిస్తరా.

ఆ కార్డు పట్టుకుని పెద్ద టీచరమ్మ గదికి పరిగెత్తాను. ఆవిడ చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"డ్యాముకి లారీ ఎప్పుడుంది?"

"సీటు లేదు గదండీ?"

"సీటు లేదు. నా పళ్లెం ఉంది గదా. అందులో తింటది."

ఆ మాట డిసెంబర్లో ఆవిడ ఎందుకనలేదు అని మీరు అడుగుతారు. నా పళ్లెం కూడా ఉంది, నేనెందుకనలేదు? మా ఇద్దరికీ తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఇద్దరం లారీలో ముందు కూర్చుని పోతుంటే దారంతా నేను అదే తలుచుకున్నాను.

టీ బంకు సులువుగానే దొరికింది. బంకు నడిపే ఆయన మమ్మల్ని చూసి బెంచీ తుడిచాడు. కార్డు చూపించాం.

"ఆ జట్టు లేచిపోయిందమ్మా. నాలుగు రోజులైంది. గుడిసెలు గూడా పీకేశారు."

"ఎక్కడికి పోయారు?"

"కాలవ పన్లకన్నారు. ఏ కాలవో, ఏ మైలు కాడో ఎవరికి తెల్సు? మేస్త్రీ ఎటు తోలితే అటే గదా వాళ్లు." టీ గ్లాసులు మా ముందు పెట్టాడు. మా ముఖాలు చూసి జాలిపడ్డట్టున్నాడు. "దానికేముందమ్మా, వానలప్పుడు పన్లాగితే సొంతూరికి పోతారు. ఊరికి జాబు రాయండి, ఎవరో ఒకరు చెప్తారు. ఏ ఊరు వాళ్లది?"

పెద్ద టీచరమ్మ నా వైపు తిరిగింది. "ఏ ఊరే ఆ పిల్లది?"

ఆర్నెల్లు నా తరగతిలో కూర్చుంది. తల దువ్వాను, రిబ్బను కట్టాను.

"పాలమూరు వైపు" అన్నాను.

"ఈడ సగం మంది పాలమూరు వైపోళ్లేనమ్మా" అన్నాడాయన. "ఊరు?"

పెద్ద టీచరమ్మ ఇంకా నా వంకే చూస్తోంది.